మెట్ల గోడకు నీలం వైరు

మొన్న మా ఇంటికి రంగులు వేయడానికి వచ్చిన పెయింటరు మెట్ల దగ్గర ఆగి, కింది ముందు గది నుంచి పై అంతస్తు దాకా గోడ పొడుగునా మేకులతో బిగించి ఉన్న నీలం వైరును చూపించి, ఇదేదో పాతది, పీకేస్తే గోడ శుభ్రంగా వస్తుందన్నాడు. పీకొద్దన్నాను. రెండు కొసలూ దేనికీ తగిలించి లేవు కదా అన్నాడు. లేకపోతే లేవు, దాని చుట్టూ వేసుకుపొమ్మన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో గానీ, సన్న బ్రష్షు తీసుకున్నాడు. ఇంట్లో పిల్లలు నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి. ఇంట్లో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, వాటి చేత ఒకదానితో ఒకటి మాట్లాడించాలని తంటాలు పడ్డ నా ఈడువాళ్ళు మాత్రం నవ్వరని నాకు తెలుసు.

మాది చిక్కడపల్లి, అంటే మా అత్తవారిది. నేను పెరిగింది అశోక్‌నగర్‌లో, ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబంలో. రెండిళ్ళకూ మధ్య నడిచివెళ్ళేంత దూరమే గానీ, కాపురానికి వచ్చిన కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, నా కోస్తా యాసకు ఇంటిల్లిపాదీ ఒక్క క్షణం ఆగి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. కొన్నేళ్ళకు మా మరిదికి నారాయణగూడ అమ్మాయిని చేసుకున్నారు. ఆమె అచ్చంగా ఇక్కడి పిల్ల. మేమిద్దరం పొసగమని చుట్టాలంతా ముందే తీర్మానించేశారు, ఆ తీర్మానం తప్పని చూపించడానికే మేం బాగా కలిసిపోయామేమోనని నాకిప్పటికీ అనుమానం.

పెళ్ళికి ముందే నేను టైపు నేర్చుకుని ఒక ప్రెస్సులో పనిచేసినదాన్ని. పిల్లలు కాస్త ఎదిగాక ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని డీటీపీ పని మొదలుపెట్టాను. పెళ్ళికార్డులు, కరపత్రాలు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, ఏదొస్తే అది చేసేదాన్ని. తోటికోడలు తెలుగు ఎమ్మే చదివింది, ఆమె కంటపడ్డ తప్పు బతికి బట్టకట్టేది కాదు. అందుకని టైపు నాది, ప్రూఫులు దిద్ది పేజీలు కట్టడం ఆమెది. ఆమె కాపురం పై అంతస్తులో. 2010 ప్రాంతంలో ఆమె కూడా ఒక కొత్త కంప్యూటరు కొనుక్కుంది. అప్పటినుంచి ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో మెట్లెక్కడం, దిగడం మొదలైంది.

పెన్‌డ్రైవ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ప్రింటింగు షాపులన్నీ తిరిగి వచ్చేసరికి దానికి లేని జబ్బు ఉండేది కాదు, ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో ఏవో పిచ్చి గుర్తులు వెలిసేవి. అదైనా సరే అనుకోవచ్చు గానీ, అసలు బాధ వేరే ఉంది. ఒకే పాఠానికి కింద ఒక కాపీ, పైన ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఇంకొకటి. ఏది దిద్దింది, ఏది దిద్దనిది అన్నది మాకే తెలిసేది కాదు. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు ఉద్యోగ పరీక్షల మెటీరియల్ మాకిచ్చారు. అంత పెద్ద పని రావడం అదే మొదలు. మొదటి పుస్తకంలో ఒక అధ్యాయం దిద్దిన కాపీకి బదులు దిద్దనిది అచ్చయిపోయింది. రాజ్యాంగం గురించిన పాఠంలో 'హక్కులు' అని ఉండాల్సిన చోట 'హుక్కులు' అని పడింది. పిల్లలు క్లాసులో నవ్వారట. సెంటరాయన మర్యాదగానే చెప్పాడు, రెండో పుస్తకంలో కూడా ఇలాగే అయితే పని వేరేవాళ్ళకు ఇచ్చుకుంటామని.

ఈ మాట ఇంట్లో తెలిసింది. మా ఆయన, మరిది అప్పటికే ముందు గది మీద కన్నేసి ఉన్నారు. పరీక్షలకు చదువుకునే పిల్లలు మా చుట్టుపక్కల గదుల కోసం తిరుగుతుండేవాళ్ళు, గది ఖాళీ చేస్తే మర్నాడే కిరాయికి పోతుంది. అన్నదమ్ములిద్దరూ కాఫీ తాగుతూ, ఇన్నేళ్ళూ చేశారు చాలు, రెండో పుస్తకం కూడా బెడిసికొడితే సామాను సర్దేయండి, మాట పడటం ఎందుకు అన్నారు. ఆ చెప్పడంలో కోపం కూడా లేదు. జాలి ఉంది. కోపమైతే నేను సర్దుకుపోయేదాన్నేమో, జాలిని మాత్రం భరించలేకపోయాను. పుస్తకం సరిగ్గా వస్తుంది, గది ఎవరికీ ఇచ్చేది లేదు అని చెప్పి కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఎలా వస్తుందో మాత్రం నాకే తెలియదు.

దారి తోటికోడలికి దొరికింది. రెండు కంప్యూటర్లనూ వైరుతో కలిపి, ఒకే ఫోల్డరును ఇద్దరూ వాడుకోవచ్చని ఒక పత్రికలో చదివిందట. అప్పుడు ఫైలు ఒక్కటే ఉంటుంది, దిద్దినా అదే, టైపు చేసినా అదే. నారాయణగూడ వెళ్ళి నీలం వైరు కొనుక్కొచ్చి, మెట్ల గోడకు మేకులు మేమే కొట్టాం. మరిది కుర్చీలో కూర్చుని సుత్తి ఎలా పట్టుకోవాలో చెబుతూ ఉన్నాడు. రెండు కంప్యూటర్లకూ వర్క్‌గ్రూప్ అనే చోట ఒకే పేరు పెట్టాలని పత్రికలో ఉంది. ఏం పేరు పెడదామని నేను కింది నుంచి అడిగితే, పేరు కోసం దేవులాడుడెందుకక్కా, అత్తమ్మ పేరే పెడదామంది. మా అత్తగారి పేరు లక్ష్మి, ఇంటి పేరూ ఆవిడ పేరు మీద లక్ష్మీ నిలయమే. సరేనని ఆ పేరు నేను కింద కొట్టాను, ఆమె పైన కొట్టింది.

ఆ రెండూ కలవలేదు. నా కంప్యూటర్‌లో తెరిచి చూస్తే నేనొక్కదాన్నే కనిపించేదాన్ని. పైన ఆమె పరిస్థితీ అంతే. ఫోల్డరు కింద అరచెయ్యి బొమ్మ వచ్చింది, అంటే పంచుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. వైరు తగిలించిన చోట దీపం మినుకుమినుకుమంటోంది. ఆపి మళ్ళీ పెట్టాం, ఊడదీసి మళ్ళీ గుచ్చాం, ఫైర్‌వాల్ అనేదాన్ని తీసేశాం, భయమేసి మళ్ళీ పెట్టాం. చివరికి ఒక టెక్నీషియన్ను పిలిపించాం. అతను ఫోను మాట్లాడుతూనే అటూ ఇటూ నొక్కి, కింది కంప్యూటరు పాతది, పైది కొత్తది, ఈ రెండూ కలవవు మేడమ్, పాతది పడేసి కొత్తది కొనండి, అయినా ఇది మీతోని అయ్యే పని కాదు అన్నాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనబడుతుంది. మాతో ఎందుకు కాదో మేమే చూసుకుంటాం, మీరు వెళ్ళిరండి అని టెక్నీషియన్ను పంపించేశాను.

అప్పుడు మాకు తెలిసిన విద్య ఒక్కటే ఉంది, ప్రూఫు చూడటం. మా పద్ధతిలో ఒకరు మూలం బయటికి చదువుతారు, రెండోవారు అచ్చులో వేలు పెట్టి చూసుకుంటూ పోతారు. చుక్క దగ్గర చుక్క అంటారు, కామా దగ్గర కామా అంటారు. కంప్యూటర్లకూ అదే చేద్దామనుకున్నాం. మధ్యాహ్నం వంట ముగించుకుని, ఆమె పైన తలుపు తీసిపెట్టి తెర మీద ఒక్కో విండో తెరిచి అందులో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదవడం, నేను కింద వేలు పెట్టి చూసుకోవడం. మెట్ల మొదట్లో మంచం మీద మా అత్తగారు గోంగూర తుంచుతూ, అర్థం కాకపోయినా మా ఇంగ్లీషు అంతా వింటూ కూర్చుంది. అలా చదువుతూ చదువుతూ వర్క్‌గ్రూప్ దాకా వచ్చాం. ఎల్, ఏ, ఎక్స్ అంది పైనుంచి. నా వేలు ఆగిపోయింది.

ఎక్స్ ఎక్కడిదని అడిగాను.

"ఎక్స్ లేకుంటె 'క్ష' ఎట్ల వస్తదక్కా?" అంది ఆమె.

నా దగ్గర కె, ఎస్, హెచ్ ఉంది. మా వైపు అలాగే రాస్తారు, చిన్నప్పటినుంచీ నాకు అదే స్పెల్లింగు. ఇక్కడివాళ్ళకు ఎక్స్. నోటితో అనుకున్నంతసేపూ ఒకటే పేరు, ఇంగ్లీషులో కొట్టేసరికి రెండైంది. ఊరంతా ప్రత్యేక రాష్ట్రం మాటే నడుస్తున్న రోజులవి, బంద్‌లు, ర్యాలీలు. అంతా విన్న మరిది మెట్ల మీద నిలబడి, బయట ఇంకా తేలలేదు గాని మనింట్ల కంప్యూటర్లు ముందే విడిపోయినయి అన్నాడు. అన్నదమ్ములిద్దరూ పడీపడీ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. నీదే సరైనదా నాదే సరైనదా అని కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. ఆ తర్వాత ఇద్దరం తలుపులు వేసుకున్నాం. ఆ తలుపుల చప్పుడు విని వాళ్ళ నవ్వు కూడా ఆగిపోయింది.

కూర్చుని ఆలోచించాను. పుస్తకం ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. ఒక్క అక్షరం కోసం గది వదులుకోవడమా? అంతకన్నా, వాళ్ళ నవ్వు నిజం చేయడమా? కె, ఎస్, హెచ్ చెరిపేసి ఎక్స్ కొట్టాను. చేతులు రాలేదు గానీ కొట్టాను. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టి, తలుపు తీసి, ఇప్పుడు చూడు అని పైకి కేకేశాను. నేను గూడ ఆపి మళ్ల పెట్టిన, ఇప్పుడే వచ్చింది, నువ్వే చూడక్కా అంది ఆమె. చూశాను. మళ్ళీ నేనొక్కదాన్నే. ఆమెకూ ఆమె ఒక్కతే.

ఈసారి చదవమని నేనే అన్నాను. ఎల్, ఏ, కె, ఎస్ అని వినిపించింది పైనుంచి. నా తెర మీద ఎక్స్ ఉంది.

అర్థం కావడానికి ఇద్దరికీ కాస్త సేపు పట్టింది. ఆమె మెట్ల పైన కూలబడింది, నేను మెట్ల కింద కూలబడ్డాను. నవ్వో ఏడుపో తెలియకుండా కళ్ళు తుడుచుకుంటుంటే, సంగతేమిటని అడిగి అంతా చెప్పించుకున్న మా అత్తగారు గోంగూర పక్కకు పెట్టింది.

"ఒకలి కోసం ఒకలు మార్చుకుంట పోతే ఇగ ఎప్పుడు కలుస్తరు? ఒకలు మార్చుండ్రి, ఒకలు ఊకె కూసోండ్రి."

తోటికోడలు ఊకె కూర్చుంది. నేను వెళ్ళి నా అక్షరాలు నేను మళ్ళీ పెట్టుకున్నాను. ఆపి మళ్ళీ పెట్టేసరికి నా కంప్యూటరు పక్కన ఇంకొక కంప్యూటరు బొమ్మ నిలబడి ఉంది. నొక్కితే, లోపలికి రానివ్వడానికి పాస్‌వర్డ్ అడిగింది. ఆమె పైనుంచి గట్టిగా చెప్పింది, వీధిలో ఎవరైనా విన్నారేమో కూడా. ఫోల్డరు తెరుచుకుంది. ఆమె దిద్దిన పాఠం, నా గదిలో, పెన్‌డ్రైవ్ లేకుండా. అన్నదమ్ములిద్దరినీ పిలిచి చూపించాను. టెక్నీషియన్ కలవవన్న కంప్యూటర్లివే, బాగా చూసుకోండి అన్నాను. అలా అన్నందుకు నాకు ఏమాత్రం విచారం లేదు.

రెండో పుస్తకం అనుకున్న రోజుకు వెళ్ళింది. హక్కులు హక్కులుగానే అచ్చయ్యాయి. గది కిరాయికి పోలేదు. ఒక్కటే నియమం పెట్టుకున్నాం, ఫైలు ఇద్దరం ఒకేసారి తెరవకూడదు. అందుకని ఆమె పని ముగించి మూసేయగానే మెట్ల దగ్గరికి వచ్చి 'పెట్టిన అక్కా' అనేది, నేను 'తీశాను' అనేదాన్ని. కొన్నేళ్ళ పాటు మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన మాటలవే. 2014లో రాష్ట్రం నిజంగానే రెండైన రోజున కూడా ఆ మాటలు మెట్ల మీద నడుస్తూనే ఉన్నాయి. ఇక మీరిద్దరూ ఏం చేస్తారని పరామర్శకు వచ్చినట్టు అడిగిన చుట్టాలకు, పని ఉంది, చేసుకుంటాం అని చెప్పాను.

ఇప్పుడు మా అత్తగారు లేరు. డీటీపీ పని కూడా పోయింది. కోచింగ్ సెంటర్లవాళ్ళు అన్నీ ఫోన్లలోనే పంపుకుంటున్నారు. తోటికోడలు ఇప్పటికీ పైనే ఉంది, నేను కిందే ఉన్నాను. ఫొటో అయినా, కబురైనా ఫోనులో పంపుతుంది, అది ఏ ఊళ్ళోని ఏ మిషనుకో వెళ్ళి, మెట్ల కిందున్న నా దగ్గరికి తిరిగివస్తుందట. చేరినట్టు గుర్తు కూడా పడుతుంది. అందువల్ల చేరిందా అని అడిగే పని లేకుండా పోయింది, మెట్ల మీద ఆమె గొంతు వినబడి ఎన్నాళ్ళయిందో. వైరును పీకనివ్వనిది అందుకే.

చివర్లో పెయింటరు గేటు దగ్గర బోర్డు రాస్తూ, తెలుగులో అయిపోయింది, కింద ఇంగ్లీషులో ఇంటి పేరు ఎలా రాయమంటారని అడిగాడు. కె, ఎస్, హెచ్ నోటిదాకా వచ్చింది. ఆపుకుని, పైన అడుగు అన్నాను. అతను మెట్లెక్కి వెళ్ళాడు. చాలాకాలం తర్వాత మెట్ల మీద ఆమె గొంతు వినిపించింది, ఎట్ల రాయమందామక్కా అని. జవాబు చెప్పకుండా ఊకె కూర్చున్నాను.

ఇప్పుడు మా గేటు మీద ఎక్స్ ఉంది. అది తప్పని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.