రాయికి పెట్టిన పసుపు

ఈ ఎడారి దేశంలో, సూర్ అనే ఊరి దగ్గర మేము రోడ్డు వేస్తున్న చోట దారి పక్కన నిలువెత్తు పాత రాయి ఒకటి ఉంది. ఒకప్పటి ఒంటెల బాటకు గుర్తట. ఎవరూ ముట్టుకోవద్దని ప్రభుత్వం చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టింది.

ఈ రోజు పొద్దున సైటుకు కొత్త రోలర్ వచ్చింది. మన అలవాటు కొద్దీ దానికి పసుపు రాసి బొట్లు పెట్టాం. మా ఊరివాడు, పదకొండేళ్లుగా నా రూమ్మేటు అయిన గంగారాం ఆ రాయి వైపు చూశాడు.

"అచ్చం మన బొడ్రాయి లెక్కనే ఉన్నదిరా. దీన్ని ఇడిసిపెడితే మంచిగుండదు" అంటూ తాడు దాటి వెళ్లి రాయికి నిండా పసుపు పూశాడు. నేను ఇవతలే ప్యాకెట్ పట్టుకుని నిలబడ్డాను.

అంతలో తనిఖీ అధికారిని వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ జీపు దిగాడు. ఎవరి పని ఇది అని హిందీలో గద్దించాడు. గంగారాం నా చేతిలోని ప్యాకెట్ చూపించి, "ఇసీనే కియా సాబ్" అన్నాడు. చేసింది నేనేనట.

వార్నింగ్ లెటర్ మీద సంతకం పెట్టాను. కడుగుతానంటే రాయిని ముట్టనివ్వలేదు. దానికి వేరే మనుషులు వస్తారట.

సాయంత్రం రూములో గంగారాంను అడిగాను, గట్లెందుకు చెప్పినవని.

"నాకు వచ్చే నెల సెలవున్నది గదరా. లెటరొస్తే ఆపుతరు. నువ్వు ఇప్పట్ల పోయేది లేదాయె" అంటూ నా పళ్లెంలో పప్పు వేశాడు. గరిటె పట్టిన వేళ్ల గోళ్లలో పసుపు ఇంకా పోలేదు.

ఆ పప్పే తిన్నాను. మీరైతే తినేవారా?