రెండో కన్ను

కన్ను పాఠం చెప్పాల్సిన రోజు నాకు బడికి వెళ్ళబుద్ధి కాదు. బోర్డు మీద మూడు వలయాలు గీస్తాను. బయటిది తెల్లటి గట్టి పొర, లోపలిది చూపు పొర. మధ్యదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదాన్ని. వెనకవైపు రక్తపటలం, రక్తనాళాలతో నిండి కంటికి తిండి అందిస్తుంది. ముందుకొస్తే కటకాన్ని సర్దే సిలియరీ కండరం. ఇంకా ముందు ఐరిస్, ఎండలో కనుపాపను చిన్నది చేస్తుంది. ఈ మూడూ కలిస్తే ఒకే పొర. ఇంత తెలిసిన దాన్ని, మా అక్క కంట్లో ఆ పొర వాచిపోతుంటే గుర్తుపట్టలేదు.

అక్క కూలికి వెళ్ళి నన్ను టీచర్ని చేసింది. ఒక ఏడాది పత్తి తీయడం అయిపోయాక చేలో ఎండిన పత్తికట్టె పీకుతుంటే విరిగిన పుల్ల ఎడమ కంట్లో దిగింది. గుంటూరులో కుట్లు వేశారు గానీ చూపు రాలేదు. "గుడ్డికన్నా మెల్ల మేలంటారు. నేను మెల్లకన్నా మేలేగదే, ఒకటి నిక్షేపంగా ఉంది" అని తనే నన్ను నవ్వించింది.

ఇంటికి పంపే రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచారు. "చీలింది మధ్య పొరండి. లోపల దాగి ఉండే ఆ పొరని ఒళ్ళు ఎప్పుడూ చూసి ఎరగదు. ఇప్పుడు బయటపడేసరికి పరాయిదనుకుని, అలాంటి పొరే ఉన్న రెండో కంటి మీద కూడా పడొచ్చు. అరుదే. కానీ కుడి కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే తీసుకురండి."

"సైన్సు టీచర్నండి, నేను చూసుకుంటాను" అన్నాను. భయపడుతుందని అక్కకు చెప్పలేదు.

కొన్నాళ్ళకు మిరపకోతలు వచ్చాయి. అక్క కల్లంలో ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి కూర్చుంది. మా వైపు ఆ రోజుల్లో ఎవరి కళ్ళయినా ఎర్రగా లేవంటే వాళ్ళు పనికి వెళ్ళలేదని అర్థం.

"ఏమే, కుడి కన్ను ఎర్రబడింది. ఎండలోకి పోలేకపోతన్నా" అని ఊరి నుంచి ఫోన్ చేసింది.

"మిరపకాయల్లో కూర్చుని కన్ను ఎర్రబడిందంటావేంటక్కా! చన్నీళ్ళతో కడుక్కో."

నాలుగు రోజులాగి మళ్ళీ చేసింది. పక్కింటి బాలింత చనుబాలు చుక్కలు వేసిందట, చల్లగా ఉందట. కానీ మసకగా ఉందంది. "సరిగ్గా కడగట్లేదు నువ్వు" అని కసిరాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పన్నెండో రోజు పక్కింటామె చేత ఫోన్ చేయించింది. అంకెలు కనపడటం లేదంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు వరండా.

డాక్టరు చాలాసేపు చూశారు. ఐరిస్ వెనకనున్న కటకానికి అతుక్కుపోయిందన్నారు. కనుపాప గుండ్రంగా లేదు, అంచులు పీక్కుపోయి ఉన్నాయి. "ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. "నాలుగు రోజులండి" అన్నాను. అక్క పక్కనే ఉంది. మందులతో వాపు తగ్గింది. వెలుతురు, ఎదుట ఆడించిన చెయ్యి నీడ, అంతే మిగిలింది.

ఇప్పుడు నాతోనే ఉంటోంది. నేను గదిలోకి వస్తే అడుగుల చప్పుడుకి ముఖం తిప్పుతుంది. కిటికీలోంచి ఎంత ఎండ పడినా ఆ కనుపాప చిన్నదవదు. నేను పక్కకు జరిగితే మాత్రం కన్ను నా వెంటే తిరుగుతుంది. తనకు నేను కనపడనని తెలుసు. అయినా చూస్తోందనే అనిపిస్తుంది. నా సొంత అక్కంటే నాకు భయంగా ఉంటోంది. డాక్టరు మాట ఎందుకు దాచావని అడుగుతుందేమోనని రోజూ ఎదురుచూస్తాను. అడగదు.

మొన్నటి కోతలకు ఊరెళ్ళాలని పట్టుబడితే తీసుకెళ్ళాను. కల్లంలో కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి మండుతోందంటూ కన్ను నలుపుకుంటోంది. అక్క అటు తిరిగింది.

"రుద్దమాకమ్మా, కడుక్కో. మా చెల్లి చెప్తానే ఉంది. నేనే సరిగ్గా కడుక్కోక పోగొట్టుకున్నా."

ఆ అమ్మాయి ఒక కన్ను మూసుకుని, ఎర్రటి రెండో కంటితో నా వైపు చూసింది.

"కడుక్కుంటే పోతదా టీచరుగారూ?"

అక్క నా చెయ్యి పట్టుకునే ఉంది.

"పోతుందమ్మా" అన్నాను.