మొక్కనివ్వని కాళ్లు

మొన్న ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళ్లాను. అక్షింతలు వేసి దిగబోతుంటే కొత్త జంట నా కాళ్ల మీదికి వంగబోయారు. నేను అలవాటుగా వెనక్కి గెంతాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి గెంతితే ఎలా ఉంటుందో ఆ పెళ్లి వీడియో చూసినవాళ్లే చెప్పాలి. నాతోపాటు కొత్తపేట పండ్ల మార్కెట్లో ముప్పై ఏళ్లు బత్తాయిలు ఏరిన దోస్తు పక్కనే ఉన్నాడు. "ఇంక గట్లనే ఉన్నవా? ఎవర్నీ కాళ్లు ముట్టనియ్యవా?" అని నవ్వాడు. "బయట ముట్టనియ్య. ఇంట్ల ఓడిపోయిన" అన్నాను. వాడికి అర్థం కాలేదు. భోజనాల దగ్గర విప్పి చెప్పే సంగతి కాదు. పైగా వాడి ప్లేటులో డబల్ కా మీఠా ఉంది, నా ప్లేటులో కీరదోస ముక్కలున్నాయి. సమానుల మధ్య జరిగే సంభాషణ కాదది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మాది నల్లగొండ వైపు పల్లె. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా ఎడ్లు దొర చేలో పడ్డాయి. మా నాయన పోయి దొర ముందు మట్టిలో బోర్లా పడుకుని "బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నాడు. దొర ఎవరితోనో వానల గురించి మాట్లాడుతున్నాడు, ఆ మాట ఆపలేదు. మా నాయన లేవనూ లేదు. ఆ మాటలు ఎంతసేపు సాగాయో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను బడికి పోయింది రెండేళ్లే. మిగతా చదువంతా బత్తాయి పెట్టెల్లో పరిచే పాత పేపర్ల మీద సాగింది. ఆ పేపర్లలో ఏం చదివినా, ఎంత చదివినా, చివరికి నాకు మిగిలిన సిద్ధాంతం ఒక్కటే: నా గడపలో మనిషి మనిషి కాళ్ల మీద పడకూడదు. పెళ్లయిన మొదటి రోజే మా ఇంటావిడకు చెప్పాను. "నాకేం సరదానా, నడుం నొప్పి తప్పింది" అందామె.

షుగరు నా ఒంట్లో చేరి పద్దెనిమిదేళ్లయింది. ముద్దుబిడ్డను పిలిచినట్టు ఆ పేరేమిటో! రక్తాన్ని పాకం చేసే రోగానికి కాస్త భయపెట్టే పేరు పెట్టి ఉంటే మాలాంటి వాళ్లం ముందే జాగ్రత్త పడేవాళ్లం. సరే, నా కోపాల జాబితా పెద్దది, వదిలేస్తాను. చెప్పవలసింది చాయ్ సంగతి. నాకు చక్కెర మానిపించిన రోజు నుంచి మా ఇంటావిడ కూడా చప్పటి చాయే తాగుతోందని నాకు మూడేళ్లకు తెలిసింది, అదీ పొరపాటున కప్పులు మారినప్పుడు. "నీకేమైంది? నీకు షుగర్ లేదు గదా!" అన్నాను. "రెండు గిన్నెలల్ల చాయ్ ఎవరు పెడ్తరు?" అని చేట తీసుకుని బియ్యం ఏరుకోవడానికి పోయింది. త్యాగమంటే ఒప్పుకోదు. గిన్నెలు తోమే శ్రమ అంటుంది.

మా కోడలిది తెనాలి వైపు. మా అబ్బాయికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకునేటప్పుడు పరిచయమైంది. ఉద్యోగమూ పెళ్లీ అక్కణ్నుంచే సంపాదించుకున్నాడు. ఆ అమ్మాయి మొదటిరోజు నా కాళ్లకు దండం పెట్టబోతే నిలబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని "అలాగేనండీ మావయ్యగారూ" అంది. అప్పట్నుంచి పండగలకూ వ్రతాలకూ దూరంగా చేతులు జోడించేది. ఇల్లంతా నా ఆజ్ఞ పాటించింది. దానివల్ల ఏమైందంటే, మా ఇంట్లో నా పాదాలను ఎవరైనా చూసి ఏళ్లు గడిచాయి. నేను కూడా చూసుకోలేదు. రోజూ అరికాళ్లు చూసుకోమని డాక్టరు చెప్పకపోలేదు. "నా కాళ్లు నాకు తెల్వవా" అనుకున్నాను. కొన్నాళ్లు అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత అదీ పోయింది. పోయిందని సంతోషపడ్డాను కూడా.

రెండేళ్ల కిందట శ్రావణ మాసంలో చెప్పు పట్టీ ఊడితే నేనే ఒక చిన్న మేకు కొట్టుకున్నాను. మూడు రోజులు ఆ చెప్పులతోనే రైతుబజారుకు పోయి కాకరకాయలు తెచ్చాను. నాలుగోరోజు వరలక్ష్మీ వ్రతం. కుర్చీలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నాను. మా కోడలు అత్తగారికి దండం పెట్టి, ఏమనుకుందో ఏమో, నాకు కనబడకుండా వంగి నా కాలివేళ్లు ముట్టుకుంది. నేను కాలు లాక్కుని "ఎన్నిసార్లు చెప్పాలె!" అని గద్దించాను. ఆమె లేవలేదు. తన వేళ్లకేసి చూసుకుంటోంది. ఎర్రగా తడి.

"కుంకుమ గిన్నె గిట్ల తన్నినవా ఏంది?" అంది మా ఇంటావిడ.

"కుంకుమ కాదత్తయ్యా" అంది కోడలు. "మావయ్యగారూ, కాలు కదపకండి. కదపొద్దన్నానా!"

మా ఇంట్లో నన్ను ఎవరైనా గద్దించడం అదే మొదటిసారి. బొటనవేలి కింద మేకు దిగిన చోట పుండు చీము పట్టి ఉంది. గంటలో ఎల్బీనగర్ దవాఖానలో ఉన్నాం. డాక్టరమ్మ దాన్ని నొక్కి "నొప్పిగా ఉందా పెద్దాయనా?" అంది. లేదని గర్వంగా చెప్పాను. "నాకు భయం అందుకే" అందామె. "షుగరుకు కాలి నరాలు మొద్దుబారాయి. ఇంకో నాలుగు రోజులైతే వేలు తీసెయ్యాల్సొచ్చేది. ఇప్పుడైనా ఉంటుందని మాటివ్వలేను. రోజూ కట్టు మార్చండి, షుగర్ దించండి, చూద్దాం." ఇంటికి వచ్చేటప్పుడు మా ఇంటావిడ నా చెప్పులు కవర్లో చుట్టి ఆటోలోంచి దారిలో పారేసింది.

ఆ రోజు నుంచి అబ్బాయి ఇన్సులిన్ చూసుకున్నాడు, ఇంటావిడ తిండి చూసుకుంది, కట్టు పని కోడలు తీసుకుంది. ఆఫీసు నుంచి రాగానే చేతులు కడుక్కుని, స్టీలు పళ్లెంలో దూదీ మందూ పెట్టుకుని, కింద కూర్చుని నా కాలు ఒళ్లో పెట్టుకునేది. మొదటిరోజు నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "నర్సమ్మను మాట్లాడుదాం బిడ్డా, నువ్వొద్దు" అన్నాను.

"మొక్కట్లేదు లెండి, కట్టు కడుతున్నాను" అంది తలెత్తకుండా. "మీ సిద్ధాంతానికేం ఢోకా లేదు. కదలకుండా కూర్చోండి."

"దొరికిండు నీకు. గట్టిగ పట్టుకో, మల్ల దొరకడు" అంది మా ఇంటావిడ వంటింట్లోంచి.

నేను గోడ వైపు తిరిగాను. నాకు అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు, అంతసేపు మట్టిలో పడి ఉన్న మనిషి. ఆయన మీద దొర చూపైనా పడలేదు. ఇక్కడ ఈ పిల్ల కళ్లద్దాలు సర్దుకుని, ఫోను లైటు వేసుకుని, నా బొటనవేలిని అంగుళం అంగుళం చూస్తోంది. నిన్నటికంటే ఎరుపు తగ్గిందని తనలో తనే గొణుక్కుంటోంది. నా కోపం అబద్ధం కాదు. ఇప్పటికీ కాదు. కానీ ఆ కోపంతో ఈ పిల్లను పదేళ్లు దూరంగా నిలబెట్టానే అని మాత్రం సిగ్గేసింది.

మర్నాడు చాప వేయించి కుర్చీ దిగాను. "నువ్వు కింద, నేను పైన అంటే నాతోటి కాదు" అన్నాను. "మావయ్యగారూ, మీ మోకాళ్లు!" అంది. మోకాళ్ల సంగతి మోకాళ్లు చూసుకుంటాయన్నాను. అవి చూసుకోలేదు. అత్తాకోడళ్లు చెరో రెక్కా పట్టుకుని దించారు. ఐదో వారానికి పుండు మూసుకుంది, వేలు మిగిలింది. డాక్టరమ్మ నన్ను మెచ్చుకోబోతే, మెచ్చుకోవలసిన మనిషి మీ వెనకాల నిలబడి ఉందని చూపించాను.

కట్టు అవసరం తీరినా చాప మాత్రం రోజూ సాయంత్రం పరుస్తూనే ఉన్నారు. చప్పటి చాయ్ అయ్యాక కాళ్లు చాపుతాను. కోడలు లైటు వేసి, వేళ్ల సందుల్లో, మడమల్లో చూస్తుంది. ఆమె రావడం ఆలస్యమైతే మా ఇంటావిడ చూస్తుంది, తిడుతూ. కుర్చీ మీద నుంచి చాప మీదికి దిగడానికి నాకు చాలాసేపు పడుతుంది. ఏటికేడాది ఇంకాస్త ఎక్కువే పడుతోంది. వాళ్లు మాటలాపి, నేను దిగేదాకా ఆగుతారు.