‘లేదు’ దగ్గర పెట్టిన టిక్కు

బోధన్ నుంచి నిజామాబాద్ వస్తున్న బస్సులో, ఎడపల్లి దాటాక, పక్క సీటాయన జేబులోంచి కాగితం తీశాడు.

"సారూ, గీ ఇంగ్లీషు జర సదివి చెప్తవా?"

కోటగిరి మనిషి, లారీ డ్రైవరు. న్యూజీలాండ్‌లో స్కూలు బస్సు నడిపే ఉద్యోగం చివర్లో చేజారిందట.

"కాలువ నీళ్ల కోసం రాస్తారోకో చేస్తే నా మీద కేసైంది. ఎప్పుడో కొట్టేసిండ్రు. అయినా గా కేసుతోనే నౌకరి పోయిందని ఏజెంటు చెప్పిండు." ఆ మాటలో బాధ ఉంది కానీ సిగ్గు లేదు.

ఉత్తరం చదివాను. పిల్లలతో పని కాబట్టి ప్రతి డ్రైవరు గురించీ సొంత దేశపు పోలీసుల దగ్గర వాకబు చేస్తారట. అందులో ఈయన కేసు బయటపడింది. ముందే చెప్పి ఉంటే కేసు ఎలాంటిదో చూసి నిర్ణయించేవాళ్లమనీ, కానీ దరఖాస్తులో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా’ అన్నచోట లేదని అబద్ధం చెప్పారు కాబట్టి తీసుకోలేమనీ రాశారు.

ఏజెంటు చెప్పిందే నిజమని చెప్పి కాగితం మడిచి ఇచ్చేయొచ్చు. కానీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిజం రాస్తే తీసుకునేటోళ్లా?"

"తీసుకునేటోళ్లేమో, అన్నా."

ఆయన కాగితం తీసుకుని పాత మడతల మీదే మళ్లీ మడిచాడు.

"లేదని పెట్టుమన్నది ఏజెంటే. గని టిక్కు పెట్టింది నేను," అన్నాడు. "నీళ్ల కోసం కొట్లాడి నౌకరి పోగొట్టుకున్ననని ఊరంత చెప్పుకున్న."

నిజామాబాద్‌లో దిగేటప్పుడు కాగితం సీటు మీదే వదిలేశాడు. పిలిచి చూపించాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి జనంలో కలిసిపోయాడు.

ఇప్పటికీ ఎవరైనా ఉత్తరం చదివిపెట్టమంటే, ముందు నాలో నేను ఒకసారి చివరిదాకా చదువుకుంటాను.