కాలవలో ఒరిగిన బావి

అది 2002 వేసవి. రామచంద్రపురానికి కొద్ది దూరంలో, వరిచేల మధ్య నుంచి పోయే పెద్ద పంట కాలవ మీద రైలు వంతెన కడుతున్నాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేసిన లైను అది. ఇనుము యుద్ధానికి కావాలని తీసుకుపోయారు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు ఆ కట్ట మీద గేదెలు మేశాయి, జనం పొలాలకి నడిచారు, వర్షాకాలంలో పాములు తలదాచుకున్నాయి. ఇప్పుడు మళ్లీ అదే దారిలో పట్టాలు వేస్తున్నారు. అందులో కొన్ని వంతెనల పని మా కంపెనీకి వచ్చింది. నేను ఆ సైటు ఇంజనీరుని.

మా కంపెనీ అంటే నిజానికి ఒక ఇల్లు. మూడు తరాలుగా కాలవల మీద లాకులు, తూములు, రైల్వే కల్వర్టులు కడుతున్న కుటుంబం. నేను కోనసీమ నుంచి వచ్చి ఉద్యోగంలో చేరేనాటికే పెద్దాయన సూర్యనారాయణ గారు పనులన్నీ కొడుక్కి అప్పజెప్పేశారు. ఆ కొడుకు గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. ఇక కంపెనీ మూసేస్తారనే అనుకున్నాం. కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక ఉదయం పెద్దాయన కోడలు సుభద్రమ్మ గారు గంజి పెట్టిన నేతచీర కట్టుకుని, కాళ్లకి కాన్వాస్ బూట్లు తొడుక్కుని, గొడుగేసుకుని సైటుకి వచ్చారు.

"శాస్త్రి గారూ, నాకీ పనిలో ఏమీ తెలీదని మీకు తెలుసు. తెలిసేదాకా అడుగుతూనే ఉంటాను. విసుక్కోకండి" అన్నారు.

అన్నట్టే అడిగారు. సిమెంటు ఎందుకు తడపాలి, కడ్డీ ఇక్కడే ఎందుకు వంచాలి, ఈ కొలత తప్పితే ఏమవుతుంది అని. రెండు మూడేళ్లు గడిచేసరికి ఆవిడ అడిగే ప్రశ్నలకి జవాబు నేను ఇంటికెళ్లి పుస్తకం చూసి చెప్పాల్సిన పరిస్థితి వచ్చింది. సైటుకి వస్తూ ఒక పెద్ద స్టీలు క్యాను నిండా మజ్జిగ తెచ్చేవారు. నిమ్మాకు, అల్లం వేసిన మజ్జిగ. మేస్త్రీకైనా, రైల్వే ఆఫీసరుకైనా అదే గ్లాసు, అదే మజ్జిగ.

మా నేల సంగతి కొంచెం చెప్పాలి. డెల్టాలో ఎంత తవ్వినా రాయి తగలదు. ఒండ్రు, ఇసుక, బంకమన్ను. అందుకని వంతెన స్తంభాల కింద వెల్ ఫౌండేషన్ వేస్తాం. అంటే బావిలాంటి కాంక్రీటు గోడని గుండ్రంగా కట్టి, దాన్ని నేలలోకి దింపడం. అడుగున ఇనప అంచు ఉంటుంది. బావి లోపలి మట్టిని క్రేనుకి తగిలించిన గ్రాబ్ అనే ఇనప పంజాతో తోడేస్తుంటే, బావి తన బరువుకి తానే కిందకి దిగుతుంది. దిగినకొద్దీ పైన గోడ పెంచుతాం. చెప్పడానికి తేలికే. అన్ని వైపులా సమానంగా దిగితేనే తేలిక.

ఇంకో చిక్కు కాలవతో. మా కాలవలకి ఏప్రిల్‌లో నీళ్లు కట్టేసి, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యకాలాన్ని క్లోజర్ అంటాం. కాలవలో ఏ పని చేసినా ఆ గడువులోనే చేసుకోవాలి. నీళ్లు కట్టెయ్యగానే కాలవ నడుమ ఇసుకతో దిబ్బ పోసి, దాని మీద బావి కట్టి దింపడం మొదలుపెట్టాం. మే నెల సగం దాకా అది ముద్దుబిడ్డలా చెప్పిన మాట విన్నది. తర్వాత ఒకరోజు ఉత్తరం వైపు అంచు దిగడం మానేసింది. దక్షిణం వైపు దిగుతూనే ఉంది. చూస్తుండగానే బావి ఒరిగిపోయింది.

పని ఆపించి డైవరుని దింపాం. యానాం దగ్గర జాలరి కుటుంబంలో పుట్టిన పోలయ్య. లోపల ఊట నీళ్లు బురద రంగులో ఉంటాయి, ఏమీ కనపడదు, చేత్తో తడుముకోవాల్సిందే. చాలాసేపటికి పైకొచ్చి మొహం తుడుచుకున్నాడు.

"అంచు కింద ఇనుమండి. పొడుగ్గా ఉందండి. ఒకటి కాదు, చాలా ఉన్నాయండి. చెక్క కూడా తగిలిందండి" అన్నాడు.

మట్టి పరీక్షకి బోరు వేసింది బావి మధ్యలో. ఇవి ఉన్నది అంచు దగ్గర. అందుకే ముందు తెలియలేదు. కానీ కాలవ అడుగున ఇంత లోతున ఇనుము ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ గారు ఇంట్లో ఈ మాట చెప్పినట్టున్నారు. మర్నాడు ఉదయం జీపులో పెద్దాయన గారు కూడా వచ్చారు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు సహకరించవు. జీపు దిగకుండానే గట్టు మీంచి బావిని చూశారు.

"పడవేనా తగిలింది?" అని అడిగారు.

"మీకెలా తెలుసండీ?" అన్నాను.

"ఈ లైను పట్టాలు పీకిన కాంట్రాక్టు మా నాన్నగారిదేనయ్యా" అన్నారాయన. "పీకినవి పడవలకెత్తి కాకినాడ రేవుకి చేర్చాలి. నాకప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఒక పడవకి ఎక్కువ ఎత్తేశారు. ఒడ్డు వదిలీ వదలకముందే ములిగిపోయింది. మనుషులు ఈదుకుంటూ బయటపడ్డారు. ఇనుము కొంత తీశాం. మిగతాది బురద మింగేసింది. ఎక్కడ ములిగిందో గురుతు కూడా లేకుండా పోయింది."

చెయ్యెత్తి గట్టు చూపించారు. "గట్టు మీద జనం నవ్వారు. రైలుకి కూడా ఊరొదిలి వెళ్లడం ఇష్టం లేదన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మేం ఏ ఊరెళ్లినా పట్టాలు పీకినోళ్లు అనే పిలిచేవారు. మా నాన్నకి అది ముల్లులా ఉండిపోయింది. ఈ లైను మళ్లీ వేస్తే మనమే వెయ్యాలని పోయేదాకా అంటూనే ఉన్నారు."

ఈ లైను పని మాకే రావాలని సుభద్రమ్మ గారు ఆఫీసుల చుట్టూ అంత పట్టుబట్టి ఎందుకు తిరిగారో నాకప్పుడు తెలిసింది.

పోలయ్య రోజూ దిగాడు. నీటిలో ఇనుము కోసే పరికరం తెప్పించాం. ఒక పట్టా ముక్క బయటికొచ్చింది. మిగతావి గోడ కింద అడ్డదిడ్డంగా, వంకర తిరిగి ఇరుక్కున్నాయి. గుడ్డిగా కొయ్యాలి, మనిషి గోడ కింద నలగకుండా చూసుకోవాలి. తొందరపెట్టే పని కాదది. ఈలోగా నీళ్లు వదిలే రోజు దగ్గరపడింది.

రైల్వే తరఫున పని చూసే ఇంజనీరు కుర్రవాడు, మంచివాడు. ఆయనే దారి చెప్పాడు. "అమ్మా, ఇరిగేషన్ వాళ్లతో మాట్లాడి నీళ్లు వదలడం రెండు వారాలు వాయిదా వేయిద్దాం. మేమూ ఒక మాట చెప్తాం. కొత్త లైను కదా, కాదనరు."

సుభద్రమ్మ గారు నా వైపు తిరిగారు. "రెండు వారాలిస్తే అయిపోతుందా శాస్త్రి గారూ?"

"అయిపోవచ్చండి."

"ఇప్పుడే నీళ్లొదిలేస్తే?"

"కాలవకి అడ్డంగా ఉన్న దిబ్బ తీసెయ్యాలండి. ప్రవాహానికి బావి చుట్టూ ఇసుక కోసుకుపోతుంది. ఇంకా ఒరుగుతుంది. పడిపోతే ఇంతవరకూ చేసిందంతా పోయినట్టే. నిలబడినా ఏడాది ఆగాల్సిందే."

ఆవిడ జీపు దగ్గరకి వెళ్లారు. పెద్దాయన అక్కడే కూర్చుని అంతా విన్నారు.

"మావయ్య గారూ, మీరేమంటారు?"

"రైలు చూసి పోవాలని నాకూ ఉందమ్మా. దాచను" అన్నారాయన. "ఏడాది అంటే నా వయసులో చిన్నమాట కాదు. కానీ కాలవ చివరనున్న శివారు ఊళ్లకి నీళ్లు ఆఖర్న చేరతాయి. ఇక్కడ రెండు వారాలు ఆపితే అక్కడ నెల అవుతుంది. నారు ఆలస్యమైతే కోత తుఫాన్లకి చిక్కుతుంది. ఒకసారి ఈ ఊళ్ల రైలు పట్టుకుపోయాం. ఇప్పుడు నీళ్లు కూడా మనమే ఆపొద్దు."

సుభద్రమ్మ గారు నా దగ్గరకొచ్చి, "దిబ్బ తీయించండి" అన్నారు.

నాకు దుఃఖం వచ్చింది. కోపం కూడా వచ్చింది. పడిపోతుందేమోనన్న బావిని నీళ్లకి వదిలెయ్యమనడం ఇంజనీరుకి చేతులు కట్టేసినట్టే. ఆ సంగతి ఆవిడతో అన్నాను కూడా. "పడకుండా ఏం చెయ్యొచ్చో అది చెయ్యండి. ఎంత రాయి కావాలన్నా తెప్పిస్తాను. నీళ్లు మాత్రం ఆపమని నేనడగను" అన్నారు.

దిబ్బ తీస్తుండగా శివారు ఊళ్ల రైతులు మోటారు సైకిళ్ల మీద వచ్చారు. ముందు నడిచినాయన వెంకట్రావు గారు, తల నెరిసిన పెద్ద రైతు.

"ఏంటండీ, మీ వంతెన కోసం నీళ్లు ఆపిస్తున్నారంట? మేం ఏం తిని బతకాలండి?"

"ఆపించట్లేదండి. వచ్చి చూడండి" అని సుభద్రమ్మ గారు ఆయన్ని గట్టు చివరిదాకా తీసుకెళ్లారు. పొక్లెయిన్ ఇసుక తోడి లారీలకెత్తుతోంది. నడుమ బావి ఒక పక్కకి వాలి ఉంది.

"మరి ఇదేమవుతుందండి?"

"నిలబడితే వచ్చే ఏడు చూసుకుంటాం. లేకపోతే మళ్లీ కడతాం."

వెంకట్రావు గారు మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయారు.

బావి చుట్టూ అడుగున పెద్ద పెద్ద బండరాళ్లు పేర్చాం. లోపల ఇసుక నింపాం. ఇనప తాళ్లతో రెండు గట్లకీ బిగించి కట్టాం. నీళ్లు వచ్చిన రోజు అందరం గట్టు మీదే ఉన్నాం. ముందు నురగ, చెత్త, తర్వాత ఎర్రనీళ్లు. ఒక తాడు బిగుసుకుని కిర్రుమంది. బావి ఇంకొంచెం వాలింది. సాయంత్రం వరకూ కదలకుండా చూశాం. అంతకన్నా వాలలేదు.

ఏడాది పాటు అది అలాగే వంగి నిలబడింది. యానాంలో మందు చవక అని మా చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు, అక్కడినుంచి ఎలా నడిచొస్తారో చూడనివాళ్లూ లేరు. బస్సులో పోయేవాళ్లు మా బావికి 'యానాం వెళ్లొచ్చిన బావి' అని పేరు పెట్టారు. కండక్టరు ఆ స్టాపుని అదే పేరుతో పిలిచేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. సుభద్రమ్మ గారు మాత్రం ఆ మాట వినగానే పైట అడ్డం పెట్టుకుని నవ్వేవారు. వర్షాలు గట్టిగా కురిసినప్పుడల్లా నాతో పాటు ఆవిడా వచ్చి తాళ్లు చూసి వెళ్లేవారు.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. నీళ్లు కట్టేశారు. మేం సామాను దింపుకుంటుంటే గట్టు మీద ట్రాక్టర్ల చప్పుడు. ముందు ట్రాక్టరు మీంచి వెంకట్రావు గారు దిగారు.

"మాకిప్పుడు పొలం పనుల్లేవండి. బళ్లు ఖాళీ. ఏం తోలమంటారో చెప్పండి" అన్నారు.

"మీకెందుకండీ శ్రమ" అన్నారు సుభద్రమ్మ గారు.

"పోయినేడు తుఫానొచ్చేటప్పటికి మా ధాన్యం ఇళ్లకి చేరిపోయిందండి. ఇది శ్రమేంటండీ."

ఒరిగిన బావిని నిలబెట్టాలంటే ఎత్తుగా నిలిచిపోయిన వైపు బరువు పెట్టాలి. ఆ బరువుని కెంట్లెడ్జ్ అంటాం. ఇసుక బస్తాలతో అది పేర్చాలి. శివారు ఊళ్ల ట్రాక్టర్లు ఇసుక తోలాయి, మా వాళ్లు బస్తాలు కుట్టి పేర్చారు. లోపల నింపిన ఇసుక తోడేశాక, కింద పోలయ్య పట్టాలు ఒక్కొక్కటే కోసి పైకి పంపించాడు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు.

ఆఖరి ముక్క తీసిన మర్నాడు, అందరూ భోజనాలకి కూర్చున్న సమయంలో బావిలోంచి గుడగుడమని శబ్దం వచ్చింది. నీటి మీద బుడగలు లేచాయి. నేను చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాను. ఉత్తరం అంచు దిగుతోంది. నెమ్మదిగా, బరువైన మనిషి కుర్చీలోంచి లేచి నిలబడ్డట్టు, బావి నిటారుగా అయింది. కొలతలు తీశాను, మళ్లీ తీశాను. అనుమతించిన హద్దులోపలికి వచ్చేసింది. వెనక్కి తిరిగి చూస్తే సుభద్రమ్మ గారు అన్నం కలిపిన చేత్తోనే నిలబడి ఉన్నారు. కళ్లనిండా నీళ్లు.

"ఇంకోసారి కొలవండి శాస్త్రి గారూ" అన్నారు.

పైకి తీసిన పట్టాలని పెద్దాయన చూస్తానన్నారు. తుప్పు పొరలు కట్టిన ఆ ఇనుము మీద చెయ్యి వేసి, "ఇవి ఎవరివయ్యా ఇప్పుడు?" అని అడిగారు. రైల్వేవారివేనని చెప్పాను. "అయితే అప్పజెప్పెయ్యండి. అప్పుడు చేర్చాల్సినవే" అన్నారు.

వంతెన పూర్తయి, పట్టాలు పడి, మొదటిసారి ఇంజను నడిపి చూసిన రోజున గట్టు నిండా జనం. పెద్దాయన్ని ఇంజనులో ఎక్కించుకుంటామని రైల్వేవాళ్లు అన్నారు. వద్దని, గట్టు మీద కుర్చీ వేయించుకుని రైతుల మధ్య కూర్చున్నారు. ఇంజను కూత వేసుకుంటూ కాలవ దాటింది. ఆయన చేతులు జోడించారు. ఎవరికని నేనడగలేదు.

పక్కనే ఉన్న వెంకట్రావు గారు వంగి, "పీకింది మీరే, వేసింది మీరే. మళ్లీ పీకరు కదండీ?" అన్నారు.

"ఇంక నాకు ఓపిక లేదయ్యా" అన్నారు పెద్దాయన. గట్టంతా నవ్వింది. ఆయన అందరికన్నా ఎక్కువ నవ్వారు.

నేను ఇంకా చాలా వంతెనలు కట్టాను. ఆ బావి దగ్గర నేర్చుకున్నది మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ తర్వాత కాలవ మీద ఏ పని వచ్చినా, డ్రాయింగు విప్పేముందు గట్టు పట్టుకుని శివారున ఉన్న ఆఖరి ఊరి దాకా వెళ్లేవాణ్ణి. అక్కడ నీళ్లు ఎప్పుడు అందుతాయో, నారు ఎప్పుడు పోస్తారో కనుక్కుని వచ్చాకే పని రోజులు లెక్క వేసుకునేవాణ్ణి. వంతెన దగ్గర నిలబడి చూస్తే నీళ్లు మన పనికి అడ్డంగా కనిపిస్తాయి. ఆఖరి ఊళ్లో నిలబడి చూస్తేనే అవి ఎవరివో తెలుస్తుంది.