పలక కింది అంచు

నా చిన్నప్పుడు, కరోనా మూలాన బడులు మూసేసిన రోజుల్లో, మేం జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా నాన్న కార్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఆయన కొన్న ఇల్లు ఆయనకంటే పాతది. బయటి గోడల నిండా హార్డ్‌బోర్డు పలకలు, కింది పలక మీదికి పై పలక అంచు వాలేట్టు వరసలుగా కొట్టి ఉండేవి. చెక్కపీచును గట్టిగా నొక్కి చేసిన పలకలవి. పైన రంగు ఉన్నంతకాలం రాయిలా నిలబడతాయి. కాస్త తడి లోపలికి దిగిందంటే టీలో ముంచిన బిస్కెట్టే.

వాన కొట్టే పడమటి గోడకు ఆ ఏడు అదే గతి పట్టింది. అడుగు వరసలు ఉబ్బిపోయాయి. ఆ గోడకు లోపలి వైపు నా మంచం. దాని పక్కన నల్లటి బూజు మరక పాకింది, నాకు దగ్గు పట్టుకుంది. ఆ రోజుల్లో దగ్గంటే ఇల్లంతా వణికేది. పనివాళ్ల కోసం నాన్న ఎక్కడ ఫోన్ చేసినా నెలల తరబడి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, లేదన్నారు.

నాన్నకో స్నేహితుడు ఉండేవాడు, మేం అంకుల్ అనేవాళ్లం. ఆయనకు తెలియని పని లేదు, చేసిన పనీ లేదు. వీడియో కాల్‌లో మా గోడను అర నిమిషం చూసి, "ఏం లేదన్నా, పుట్టీ పెట్టి రెండుసార్లు రంగేస్తే కొత్త గోడైతది" అని తేల్చేశాడు. నాన్న అలాగే చేశాడు. శనివారం సాయంత్రానికి గోడ తెల్లగా మెరిసింది. ఫోటో చూసి అంకుల్ తన తెలివిని తానే మెచ్చుకున్నాడు. మూడు వారాలు వానలు పడ్డాక పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడి గడ్డిలో పడింది.

అప్పుడు పక్కింటి తాత కంచె దగ్గరికొచ్చాడు. జీవితమంతా వడ్రంగం చేసి రిటైరైన మనిషి. జర్మన్‌లో తాతను పిలిచినట్టే ఓపా అని పిలిచేదాన్ని. మాస్కు పెట్టుకుని, దూరంగానే నిలబడి, ఒక స్క్రూడ్రైవర్ మా వైపు విసిరి పలకలో పొడవమన్నాడు. పొడిచాను. రొట్టెలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. నేను పగలబడి నవ్వాను. ఆ రోజు నుంచి అంకుల్‌కి పుట్టీ అంకుల్ అని పేరు పెట్టాను. ఆయన గొంతు ఫోన్‌లో వినిపిస్తే చాలు, మూతి తిప్పి గొణిగేదాన్ని. పుట్టీ పెట్టిన చేతులు నాన్నవేనని, నా నవ్వు ఆయనకూ గుచ్చుకుంటోందని నాకు తట్టనే లేదు.

తర్వాత పనంతా ఓపా కంచె అవతలి నుంచే చెప్పి చేయించాడు. కుళ్లిన పలకలు కోసి తీసేశాం. లోపల తడి ఆరేదాకా ఆగాం. నాన్న కొత్త పలకలు కొట్టాడు. మేకు తల పలక పైపొరను చీల్చేంత లోతుకు పోకూడదని, చీలితే అదే నీటికి దారని ఓపా పదేపదే అరిచేవాడు. ప్రతి పలక కింది అంచుకూ, రంగుకు ముందు వేసే ప్రైమర్ పట్టించడం నా పని. నీళ్లు ముందు తాగేది ఆ అంచేనట. మోకాళ్ల మీద తడిగడ్డిలో కూర్చుని, మెడ వంచి రెండు పలకలకు సరిగ్గానే పూశాను. మెడ నొప్పెట్టింది. మిగతా వాటికి ఎదురుగా కనిపించే మేర పూసి లేచాను. అడుగున ఎవరు చూస్తారు?

మర్నాడు ఓపా మొదటిసారి మా తోటలోకి వచ్చాడు. గోడ పొడవునా నడిచాడు. జేబులోంచి గడ్డం గీసుకునే చిన్న అద్దం తీసి నాకిచ్చాడు. "దీన్ని పలకల కింద పెట్టి చూడు. ఏం కనిపించిందో నాకు చెప్పక్కర్లేదు" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

అద్దంలో గోడ పొడవునా పీచు తేలిన గోధుమరంగు అంచు. దాని కింద నా ముఖం. పుట్టీ అంకుల్ నోటితో చేసిన పని నేను చేత్తో చేశాను. ఆ ముఖాన్ని ఈసడించుకున్నంతగా అంతకుముందు ఎవరినీ ఈసడించుకోలేదు నేను.

నాన్న మీటింగులో ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, కింద ఎయ్యలే" అన్నాను.

ఆయన మైకు ఆపాడు. "ఎన్నిటికి?"

"రెండింటికే ఏసిన. మిగతావాటికి ఎయ్యలే."

తిడతాడనుకున్నాను. "నేను గూడ పుట్టీ పెట్టినోన్నే గదా బిడ్డా. పా" అని బ్రష్షు తీసుకున్నాడు. ఇద్దరం గోడ కింద వెల్లకిలా పడుకుని పూశాం. చుక్కలన్నీ మా ముఖాల మీదే పడ్డాయి.

ఆంక్షలు సడలాక అంకుల్ మా ఇంటికొచ్చాడు. గోడను అరచేత్తో చరిచి, "నేను చెప్పినట్టే చేసిన్రన్నమాట" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నా నాలుక చివర పదునైన మాట ఒకటి సిద్ధంగా ఉంది. మింగేశాను. టీ తెస్తానని లోపలికి వెళ్లిపోయాను.

అది జరిగి యాభై ఏళ్లు దాటింది, ఇప్పుడు నాకు మనవలున్నారు. పైపూత మనుషులంటే ఏవగింపు ఈ వయసుకీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు. అయితే ఒకరి పనిని చూసి పెదవి విరవబోయే ముందు, అదే వారం నా పనిలో నేను ఎక్కడ మెడ వంచకుండా లేచొచ్చానో గుర్తు చేసుకుంటాను. ఏదో ఒకటి దొరుకుతుంది. ముందు వెళ్లి దాన్ని సరిచేసుకుంటాను.