నాయన స్నానంతో కాసిన తోట

సబ్బునీళ్లతో తడిసిన మట్టి వాసన తగిలితే చాలు, నాకు మా పెరటి బీరపాదు గుర్తొస్తుంది. అనంతపురం పక్కన మా ఊళ్లో తాగడానికే నీళ్లు కరువు. అందుకే స్నానం చేసే బండ దగ్గర నుంచి పాదుల దాకా అమ్మ కాలువ తీసింది. తవ్వేదీ, కలుపు తీసేదీ, పందిరి కట్టేదీ అమ్మే. నాయన మాత్రం హాయిగా నీళ్లు పోసుకుని, పందిరి కింద మంచం వాల్చుకుని, "నా తోట ఎట్లుండాదో చూడు" అని మురిసిపోయేవాడు.

ఒకసారి రాప్తాడు నుంచి మా మామ వచ్చి, వేలాడుతున్న బీరకాయలు చూసి నోరు తెరిచాడు.

"ఈ కరువులో ఇట్లా ఎట్ల కాయించినావు బావా?"

నాయన మీసం దువ్వుకున్నాడు. నాకు తెలిసిన నిజం నేను చెప్పేశాను.

"నాయన నీళ్లు పోసుకుంటే కాస్తాయి మామా."

అమ్మ పార ఆపకుండానే అంది. "నిజమేన్నా. మొన్న ఆయప్పకు జరమొచ్చి నీళ్లు పోసుకోకపోతే వంగచెట్టు ఎండిపాయ."

నాయనకు రోషం వచ్చింది. మర్నాటి నుంచి తోట కోసం రెండు పూటలా స్నానం మొదలుపెట్టాడు. ఎంత కష్టపడుతున్నాడో అని నేను జాలిపడ్డాను కూడా.

ఆ రెండో పూట నీళ్లు బావి నుంచి ఎవరు మోశారో నాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది.